థొరాంగ్ లా (5,416 మీ.) దాటి ముక్తినాథ్‌కి: 12 మంది బ్యాచ్, మా ప్లాన్ చూసి చెప్పండి

గోదారిగట్టు:

అందరికీ నమస్కారం. అక్టోబరు రెండో సగంలో నేపాల్‌లో అన్నపూర్ణ సర్క్యూట్ (అన్నపూర్ణ కొండల చుట్టూ తిరిగే నడకదారి) పై భాగం నడిచి, థొరాంగ్ లా పాస్ (కొండల మధ్య కనుమ) దాటి ముక్తినాథ్ దిగాలని 12 మందిమి అనుకుంటున్నాం. వయసులు 29 నుంచి 58 దాకా. తొమ్మిదిమంది హైదరాబాదు, విజయవాడ వాళ్ళు, ముగ్గురు డాలస్ నుంచి నేరుగా కాఠ్‌మండూ దిగుతారు. అందరికీ రోజూ నడక అలవాటే కానీ మంచు మీద నడిచినవాళ్ళు ఇద్దరే. పెద్దాయన ఒకరికి బీపీ ఉంది, మాత్రతో అదుపులోనే ఉంటోంది. పెద్దవాళ్ళకి అసలు ధ్యాస ముక్తినాథ్ దర్శనం మీదే, అయితే జీపులో కాదు, నడిచే వెళ్ళాలని పట్టుదల.

ప్రస్తుతానికి అనుకున్నది ఇదీ. మొదటి రోజు కాఠ్‌మండూ నుంచి బెసిసహర్ మీదుగా జీపులో చామె (2,670 మీ.). రెండో రోజు మళ్ళీ జీపులో మనాంగ్ (3,540). మూడో రోజు నడిచి యాక్ ఖర్క (4,050). నాలుగో రోజు హై క్యాంప్ (4,880). ఐదో రోజు పాస్ దాటి ముక్తినాథ్. ఆరో రోజు జొమ్‌సోమ్, ఏడో రోజు పొద్దున్నే ఫ్లైటులో పొఖరా, ఆ సాయంత్రమే సరిహద్దు ఊరు సునౌలీ, మర్నాడు గోరఖ్‌పూర్‌లో రైలు.

అడగాలనుకున్నవి: రోజులు సరిపోతాయా? పెద్ద క్రాంపాన్లు (మంచు మీద జారకుండా బూట్లకి కట్టుకునే ఉక్కు పళ్ళు) కొనాలా? డయామాక్స్ (ఎత్తు జబ్బు రాకుండా వేసుకునే మాత్ర) అందరూ వేసుకోవాలా? 12 మందిని ఒకే రోజు పాస్ దాటించడం ఎలా?

మంచుదారి:

గోదారిగట్టు గారూ, మీవాళ్ళ కాళ్ళ గురించి నాకు బెంగ లేదు. బెంగంతా జీపు గురించే. మనాంగ్ దాకా రోడ్డు పడ్డాక చాలా బ్యాచ్‌లు ఇలాగే వెళ్తున్నాయి. కాఠ్‌మండూ ఉన్నది 1,400 మీటర్ల ఎత్తులో. మీరు రెండో రాత్రికే 3,540లో పడుకుంటున్నారు. కూర్చునే వచ్చారు కాబట్టి అలసట ఉండదు, బాగానే ఉన్నామనుకుంటారు. దాని ఫలితం యాక్ ఖర్కలో బయటపడుతుంది.

లెక్క చిన్నదే. 3,000 దాటాక పడుకునే ఎత్తు ఒక రాత్రికి 500 మీటర్లకి మించి పెరగకూడదు. మూడు నాలుగు రోజులకోసారి అదే ఊళ్ళో ఇంకో రాత్రి ఉండాలి. మీ ప్లాన్‌లో చామె నుంచి మనాంగ్‌కి 870 పెరుగుతోంది, యాక్ ఖర్క నుంచి హై క్యాంప్‌కి 830. మధ్యలో ఆగే రాత్రే లేదు. 12 మందిలో ఒక్కరికైనా తలపోటు రాకుండా ఇది పూర్తవదు. ఒక్కరికి వస్తే బ్యాచ్ మొత్తం ఇరుకున పడుతుంది.

చామె దాకా జీపు ఫర్వాలేదు. అక్కడి నుంచి నడవండి. రెండో రోజు అప్పర్ పిసాంగ్ (3,300). మూడో రోజు పై దారిలో ఘ్యారు మీదుగా ఙావల్ (3,660). ఘ్యారు ఎక్కుడు నిటారుగా ఉంటుంది, ఎవరి శ్వాస ఎలా ఉందో అక్కడే తెలిసిపోతుంది. నాలుగో రోజు మనాంగ్‌కి చిన్న నడక. ఐదో రోజు మనాంగ్‌లోనే ఉండాలి, గదిలో పడుకుని కాదు. ఓపికున్నవాళ్ళు ఐస్ లేక్ (4,600) దాకా వెళ్ళి రావచ్చు. పెద్దవాళ్ళు ప్రాకెన్ గోంపా అనే బౌద్ధ మఠం (3,900 పైన) దాకా ఎక్కి గంట కూర్చుని దిగితే చాలు. పగలు ఎత్తుకి ఎక్కడం, రాత్రి కిందికొచ్చి పడుకోవడం, అంతే. హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ క్లినిక్ మనాంగ్‌లోనే ఉంది, సీజన్‌లో మధ్యాహ్నాలు ఎత్తు జబ్బు గురించి డాక్టర్లు చెబుతారు. 12 మందీ వెళ్ళి వినండి. బ్యాచ్ లీడర్ ఒక్కడు విని మిగతావాళ్ళకి చెప్పడం వేరు.

ఆరో రోజు యాక్ ఖర్క, ఏడో రోజు థొరాంగ్ ఫేదీ (4,450), ఎనిమిదో రోజు పాస్. వీటి పైన రెండు ఖాళీ రోజులు ఉంచుకోండి. ఆ రెండూ పాస్‌కి ఇవతలే వాడుకోవాలి, పొఖరా షాపింగుకి కాదు.

ఇంకొకటి. జొమ్‌సోమ్ ఫ్లైట్లు పొద్దున పూటే ఎగురుతాయి, తర్వాత కాళీ గండకీ లోయలో గాలి లేచిపోతుంది. మబ్బు పట్టినా రద్దే. అది నమ్ముకుని అదే రోజు సునౌలీ, ఆ మర్నాడే రైలు అంటే, ఆ టికెట్ మనాంగ్‌లోనే మిమ్మల్ని వెనక నుంచి తోస్తూ ఉంటుంది. ‘రైలు పోతుంది, రేపే దాటేద్దాం’ అనే మాట పుట్టేది అక్కడే. రైలు టికెట్ ముక్తినాథ్ చేరాక చూసుకోండి, లేదా కనీసం మూడు రోజులు ఎడం పెట్టండి.

నల్లమల డాక్టర్:

మంచుదారి గారు రాసిన లెక్కనే వైద్యులు కూడా చెబుతారు. మందుల సంగతి నేను రాస్తాను.

డయామాక్స్ అంటే అసిటజోలమైడ్. నివారణకి 125 మిల్లీగ్రాములు, రోజుకి రెండుసార్లు. మన షాపుల్లో దొరికేది 250 మాత్ర కాబట్టి సగం విరిచి వేసుకోవాలి. 3,000 దాటే ముందురోజు మొదలుపెట్టి, పాస్ దాటి కిందికి దిగడం మొదలయ్యేదాకా. వేళ్ళు, పెదాల చుట్టూ తిమ్మిరి, మాటిమాటికీ మూత్రం, సోడా చప్పగా అనిపించడం మామూలే. సల్ఫా మందులకి తీవ్రమైన అలర్జీ వచ్చినవాళ్ళు డాక్టర్ని అడక్కుండా ముట్టుకోవద్దు. నెమ్మదిగా ఎక్కే ప్లాన్‌లో అందరికీ అవసరం ఉండదు. ఇదివరకు ఎత్తులో ఇబ్బంది పడ్డవాళ్ళకి తప్పకుండా ఆలోచించాలి. మాత్ర వేసుకున్నాం కదా అని రోజులు తగ్గించకూడదు.

బీపీ ఉన్న పెద్దాయన మందు మానకూడదు. ఎత్తులో మొదటి రోజుల్లో బీపీ కొంచెం పెరుగుతుంది. ఆయన మాత్రలో మూత్రం ఎక్కువ చేసే మందు కలిసి ఉందేమో చూడండి. ఉంటే డయామాక్స్‌తో కలిపి నీరు, పొటాషియం రెండూ తగ్గే అవకాశం ఉంది. బీటా బ్లాకర్ అయితే గుండె వేగం పెరగాల్సిన చోట పెరగదు, ఎక్కుడులో ఆయాసం ఎక్కువగా తెలుస్తుంది. బయల్దేరే ముందు ఆయన తన డాక్టరుతో ఈ రెండు ప్రశ్నలూ అడగాలి.

గుర్తుపట్టడం ఎలాగంటే, తలపోటుతో పాటు వికారం, నీరసం, తల తిరగడం వీటిలో ఏదైనా ఉంటే అది ఎత్తు జబ్బే, వేరేదని రుజువయ్యేదాకా. ఆ రాత్రి ఇంకా పైకి వెళ్ళకూడదు. ఉన్నచోటే ఉండి, తగ్గితే మర్నాడు కదలాలి, పెరిగితే దిగాలి. మెదడుకి నీరు పడుతోందేమో చూసే పరీక్ష చేతిలోనే ఉంది. నేల మీద ఒక గీత ఊహించుకుని, ఒక కాలి మడమని రెండో కాలి బొటనవేలికి ఆనిస్తూ పది అడుగులు నడవమనండి. చేతిలో కర్ర ఉండకూడదు, బూట్ల లేసులు బిగించి ఉండాలి. తూలిపడితే, పక్కకి అడుగు పడితే, మాట తికమకగా ఉంటే, తెల్లారేదాకా ఆగొద్దు. దించేయండి. ఊపిరితిత్తుల్లో నీరు చేరితే కూర్చున్నా ఆయాసం, పొడి దగ్గు, తర్వాత నురగ కఫం. పెదాలు నీలం తిరుగుతాయి. ఇదీ దించాల్సిన కేసే. 500 నుంచి 1,000 మీటర్లు దిగితే చాలామందికి తేడా కనిపిస్తుంది.

డెక్సామెథసోన్, నిఫెడిపిన్ మీ డాక్టరు చేత రాయించుకుని, ఎప్పుడు ఎంతో చీటీ మీద రాసి ఉంచండి. మెదడు వాపు అనుమానం ఉంటే డెక్సా మొదట 8 మి.గ్రా., తర్వాత ఆరు గంటలకోసారి 4. నిఫెడిపిన్ నెమ్మదిగా పనిచేసే రకం 30 మి.గ్రా., 12 గంటలకోసారి, ఊపిరితిత్తుల కేసుకి. ఇవి దిగడానికి ఊతం మాత్రమే, పైకి ఎక్కడానికి కాదు.

ఆక్సిమీటర్ ఒకటి బ్యాచ్‌కి చాలు. చల్లటి వేలి మీద తప్పుడు అంకె చూపిస్తుంది, నెయిల్ పాలిష్ ఉన్నా అంతే. చేతులు వెచ్చబెట్టుకుని, కూర్చున్న ఐదు నిమిషాల తర్వాత చూడాలి. 4,500 దగ్గర 80ల్లో ఉండటం మామూలే. అంకెలు పోల్చుకుని పోటీ పడొద్దు. మనిషి ఎలా ఉన్నాడన్నదే ముందు చూడాలి.

భీమిలి తీరం:

మీరు వెళ్ళేది అక్టోబరు రెండో సగం. మన బంగాళాఖాతంలో తుపానుల కాలం. దీన్ని ఎవరూ ఇంకా ఎత్తలేదు కాబట్టి రాస్తున్నాను.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటింది. ఆ రోజు విశాఖలో ఏం జరిగిందో మనలో ఎవరికీ చెప్పక్కర్లేదు. అదే తుపాను బలహీనపడుతూ ఉత్తరానికి పోయి, రెండు రోజుల్లో అన్నపూర్ణ, ధవళగిరి కొండలకి తగిలింది. తీరంలో వానైనది 5,000 మీటర్ల మీద మంచైంది. 14వ తేదీన థొరాంగ్ లా మీద, చుట్టుపక్కల, సీజను మంచి ఊపులో ఉండగా, కొన్ని గంటల్లో నడుము దాటేంత మంచు పడింది. కనీసం 43 మంది చనిపోయారు. విదేశీ ట్రెక్కర్లు, నేపాలీ గైడ్లు, పోర్టర్లు. కొందరు మంచుచరియల కింద, కొందరు తెల్లటి చీకట్లో దారి తెలియక చలికి. తుపాను వస్తోందని వాతావరణ శాఖలకి తెలుసు, పాస్ కింద టీ హౌసుల్లో (దారి పక్క బసల్లో) ఉన్నవాళ్ళలో చాలామందికి తెలియదు.

మనవాళ్ళకి ఇందులో ఒక మేలు ఉంది. ఉత్తర కోస్తాకో ఒడిశాకో వాయుగుండం వస్తోందని మన వార్తల్లో వచ్చిందంటే, మనాంగ్‌లో ఉన్న మీకు రెండు మూడు రోజుల ముందే కబురు అందినట్టు. ఇంటి దగ్గర ఒకరికి ఆ పని అప్పగించండి. రోజూ సాయంత్రం భారత వాతావరణ శాఖ బులెటిన్ చూసి, అల్పపీడనం ఉందా, తీరం దాటాక ఏ దిక్కుకి తిరుగుతుందంటున్నారు అని రెండు ముక్కల్లో మెసేజ్ పెట్టాలి. మనాంగ్ దాటాక సిగ్నల్ నమ్మకం లేదు, కాబట్టి అక్కడ కబురు చూసుకున్నాకే కదలండి. ఉత్తరానికి తిరుగుతుందంటే మనాంగ్‌లోనే ఆగాలి. ఖాళీ రోజులు ఉన్నది అందుకే. ఫేదీలో ఉండగా తెలిస్తే, మంచు మొదలవకముందే కిందికి. మొదలైతే గోడల మధ్యే ఉండాలి. పక్క బ్యాచ్ బయల్దేరింది కదా అని వెనకపడొద్దు.

సిగ్నల్ లేనప్పుడు వాచీలో ఆల్టిమీటర్ చూడండి. అది గాలి ఒత్తిడిని బట్టి ఎత్తు చెప్పే రకమైతే, రాత్రి పడుకున్నప్పుడు 4,450 చూపించింది పొద్దున 4,500 చూపిస్తే మీరు ఎక్కలేదు, ఒత్తిడి పడింది. దాంతో పాటు సూర్యుడి చుట్టూ వలయం, పైన ఈకల్లాంటి మబ్బులు చిక్కబడటం కనిపిస్తే ఆ రోజు పాస్ రోజు కాదు.

మంచు ఆగిన మర్నాడు ఆకాశం మెరిసిపోతూ ఉంటుంది, అందరి కాళ్ళూ దురద పెడతాయి. అప్పుడే వాలుల మీద కొత్త మంచు ఇంకా అతుక్కోలేదు. కనీసం ఒకటి రెండు రోజులు ఆగి, స్థానికులు దారి తొక్కాక, తెల్లవారుజామున గట్టిపడి ఉన్నప్పుడు దాటాలి. యాక్ ఖర్క, ఫేదీల మధ్య కొండచరియల ముక్క ఒకటుంది. అక్కడ పొడి రోజుల్లో కూడా ఫొటోలకి ఆగకూడదు, రాళ్ళు దొర్లుతుంటాయి, ఒక్కొక్కరే ఎడంగా దాటాలి.

గోదారిగట్టు:

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ ధన్యవాదాలు. రైలు టికెట్ రద్దు చేస్తున్నాం, మనాంగ్ దగ్గర రెండు ఖాళీ రోజులు కలుపుతున్నాం. డాలస్ వాళ్ళు కూడా సెలవు పొడిగిస్తామన్నారు. మరి ఫేదీలో పడుకుని అక్కడి నుంచే దాటాలా, హై క్యాంప్‌కి ఎక్కి పడుకోవాలా? పెద్దవాళ్ళకి ఒకే రోజు దాదాపు వెయ్యి మీటర్ల ఎక్కుడు, పైగా 1,600 మీటర్ల దిగుడు కష్టమేమో అనిపిస్తోంది. మంచు సామాను గురించి కూడా చెప్పండి.

సామాను సంచి:

ముందు సామాను. పెద్ద క్రాంపాన్లు వద్దు. అవి గట్టి బూట్లకి, నిటారు మంచుగోడలకి. అలవాటు లేనివాళ్ళు వాటితో తమ పిక్కలే చీరుకుంటారు. ఈ దారికి మైక్రోస్పైక్స్ చాలు. రబ్బరు పట్టీకి గొలుసులు, గొలుసులకి సెంటీమీటరు పొడవు ఉక్కు పళ్ళు. ఇంట్లోనే మీ బూట్లకి తొడిగి చూడండి. చలికి రబ్బరు బిరుసెక్కుతుంది, తెల్లవారుజామున మొద్దుబారిన వేళ్ళతో మొదటిసారి ప్రయత్నిస్తే పావుగంట పోతుంది. ముందు వేళ్ళ దగ్గర ఆనించి, రబ్బరుని మడమ పైకి లాగాలి. గొలుసు అరికాలి కింద సమంగా పరుచుకోవాలి, పక్కకి జారితే పళ్ళు మంచుకి కాక గాలికి ఉంటాయి. ఎండెక్కాక తడి మంచు పళ్ళ మధ్య ముద్దకడుతుంది, కర్రతో తట్టి రాల్చాలి. రాల్చకపోతే అదే జారుడు బల్ల.

మంచు లేని ఏడాది అక్టోబరులో అసలు తొడగక్కర్లేకపోవచ్చు. అయినా 12 జతలూ సంచిలో ఉండాలి. ముఖ్యంగా ముక్తినాథ్ వైపు దిగుడులో, పొద్దున గాజులా గడ్డకట్టిన చోట్లుంటాయి. పడేది అక్కడే. గెయిటర్లు (బూట్లలోకి మంచు దూరకుండా పిక్కలకి కట్టుకునే తొడుగులు), మంచు చక్రం ఉన్న రెండేసి కర్రలు అందరికీ.

నూలు బట్టలు ఒంటికి తగలకూడదు. చెమట పడితే ఆరవు, ఆగిన మరుక్షణం చల్లబడతాయి. లోపల మెరినో ఉన్ని గానీ సింథటిక్ గానీ, మధ్యలో ఫ్లీస్, పైన గాలి ఆపే జాకెట్. డౌన్ జాకెట్ ఆగినప్పుడు వేసుకోవడానికి, నడుస్తూ కాదు. బయల్దేరేటప్పుడు కొంచెం చలి వేస్తూ ఉంటేనే సరైన బట్టలు. చేతులకి పల్చటి గ్లవ్, దాని మీద వేళ్ళు విడిపోని మిటెన్. డౌన్ జాకెట్, మైనస్ 15 స్లీపింగ్ బ్యాగ్ కాఠ్‌మండూ థమేల్‌లో అద్దెకి దొరుకుతాయి. బూట్లు మాత్రం అద్దెకి వద్దు, కొన్నవి కూడా రెండు నెలలు తొడిగి నడవాలి.

నల్ల కళ్ళజోడు పక్కల కూడా మూసి ఉండే రకం, కేటగిరీ 3 గానీ 4 గానీ. మంచు మీద ఎండకి కంట్లో ఇసుక పోసినట్టు నొప్పి కొన్ని గంటల తర్వాత, అంటే ముక్తినాథ్ చేరాక మొదలవుతుంది, అప్పటికి చేసేదేం ఉండదు. రెండు జతలు అదనంగా పెట్టుకోండి, పోర్టర్లలో ఒకరికి లేకపోవడం మామూలు. పోర్టర్ల బూట్లు, గ్లవ్స్, ఇన్సూరెన్స్ కాఠ్‌మండూలోనే మీ కళ్ళతో చూడాలి. ఒక్కొక్కరి మీద 20 కిలోలు చాలు, ఇద్దరు ట్రెక్కర్లకి ఒక పోర్టరు.

నీళ్ళు: గొట్టం ఉన్న సంచి పాస్ రోజున పనికిరాదు, గొట్టంలో నీళ్ళు గడ్డకడతాయి. వెడల్పు మూతి సీసాలో వేడినీళ్ళు పోసి, సాక్సులో దూర్చి, తలకిందులుగా పెట్టుకోండి. గడ్డ పైనుంచి కడుతుంది కాబట్టి తలకిందులైతే మూత దగ్గర నీళ్ళు నీళ్ళుగానే ఉంటాయి. ఫోను, హెడ్‌ల్యాంప్ బ్యాటరీలు లోపలి జేబులో. పల్లీ చిక్కీ, ఖర్జూరం కూడా లోపలి జేబులోనే, లేకపోతే రాయిలా అవుతాయి. మిగతా తిండి గురించి మనకి దిగుల్లేదు. దాల్ భాత్ అంటే పప్పన్నమే, అడిగినంత మళ్ళీ వడ్డిస్తారు. ఆవకాయ చిన్న సీసా, కందిపొడి తెచ్చుకుంటే ఎత్తులో చచ్చిన ఆకలి కొంచెం లేస్తుంది.

12 మందిని దాటించడం గురించి. ఆరుగురు చొప్పున రెండు జట్లు, ఒక్కో జట్టుకి ఒక గైడ్, వీళ్ళు కాక మొత్తం మీద ఇంకొక సహాయ గైడ్. ఎవరైనా దిగాల్సొస్తే ఆ సహాయ గైడ్ వాళ్ళతో దిగుతాడు, రెండు జట్లకీ గైడ్లు మిగులుతారు. నెమ్మదిగా నడిచేవాళ్ళు మొదటి జట్టులో, అదీ గైడ్ వెనకే. చివర బలమైన మనిషి ఒకరు, ఆయన్ని దాటి ఎవరూ వెనక ఉండకూడదు. మాట్లాడుతూ నడవగలిగేంత వేగమే వేగం. ఎక్కుడులో వెనక కాలు నిటారుగా పెట్టి ఒక్క క్షణం బరువు దాని ఎముక మీద వదలాలి, తర్వాతే రెండో అడుగు. గంటకోసారి నాలుగైదు నిమిషాలే ఆగాలి. పది నిమిషాలు కూర్చుంటే వేళ్ళు మొద్దుబారతాయి.

తిరుగు గంట ముందురాత్రే చెప్పేయాలి. పది గంటలకి పాస్ మీద లేకపోతే ఎవరున్నా ఎక్కడున్నా వెనక్కే. ఎండెక్కేకొద్దీ పైన గాలి నిలబడనివ్వదు, మంచు మెత్తబడుతుంది, దిగుడు ఇంకా నాలుగైదు గంటలుంటుంది. దగ్గరికొచ్చేశాం అనిపించే మలుపులు చాలా వస్తాయి. జెండాల తోరణాలు, బోర్డు కనిపించేదాకా అది పాస్ కాదు.

ఒక హెచ్చరిక. ఫేదీలోనూ హై క్యాంప్‌లోనూ గుర్రాలు దొరుకుతాయి. నడవలేకపోతున్నవాళ్ళని గుర్రమెక్కించి పాస్ దాటిద్దామనే సలహా తప్పకుండా వస్తుంది. కాళ్ళ నొప్పి అయితే సరే. తలపోటు, వాంతులు ఉన్న మనిషిని గుర్రం మీద ఇంకో 500 మీటర్లు పైకి తీసుకెళ్ళడమంటే జబ్బుని పెంచడమే. గుర్రాన్ని కిందికి వాడండి.

మంచుదారి:

హై క్యాంపా ఫేదీయా అన్నదాని మీద గైడ్లలోనే రెండు పక్షాలు. హై క్యాంప్‌లో పడుకుంటే పాస్ రోజున ఎక్కుడు 540 మీటర్లే, ఐదింటికి బయల్దేరినా చాలు. నష్టం: 4,880లో నిద్ర పట్టదు, తిండి సయించదు, అర్ధరాత్రి ఎవరికైనా ముదిరితే ఫేదీ దిగుడు నిటారుగా, చీకట్లో. ఫేదీ నుంచైతే ఎక్కుడు 970, మూడున్నర నాలుగుకి బయల్దేరాలి, కానీ రాత్రి బాగా గడుస్తుంది.

మీ బ్యాచ్‌కి నా సలహా ఇది. ఏడో రోజు ఫేదీలో మధ్యాహ్నానికే చేరండి. టీ తాగి, సామాను లేకుండా హై క్యాంప్ దాకా ఎక్కి, అరగంట ఉండి దిగండి. గంట, గంటన్నర ఎక్కుడు. ఫేదీలో పడుకోండి. ఆ ఎక్కుడులో తడబడినవాళ్ళు ఉంటే ఎనిమిదో రోజు బ్యాచ్ అంతా హై క్యాంప్‌కి మాత్రమే మారి, తొమ్మిదో రోజు దాటండి. ఖాళీ రోజు ఒకటి అలా ఖర్చవుతుంది. తలపోటు ఉన్నవాళ్ళని మాత్రం హై క్యాంప్‌లో పడుకోబెట్టొద్దు. దాటలేనివాళ్ళు సహాయ గైడ్‌తో మనాంగ్ దిగి, జీపులో పొఖరా మీదుగా ముక్తినాథ్ రావచ్చు. రోడ్డుంది. దర్శనం తప్పదని పెద్దవాళ్ళకి ఇప్పుడే చెప్పి ఉంచితే, పైన వాళ్ళు తలపోటు దాచిపెట్టరు. మిగతా అన్ని ఏర్పాట్ల కంటే నేను దీనికే ఎక్కువ విలువ ఇస్తాను.

సాలగ్రామం:

దిగాక సంగతులు నేను కలుపుతాను. పాస్ నుంచి ముక్తినాథ్‌కి 1,600 మీటర్ల దిగుడు మోకాళ్ళని పిండేస్తుంది. కర్రలు ఐదు పది సెంటీమీటర్లు పొడవు పెంచండి, అడుగు చిన్నది చేయండి, బూట్ల లేసు చీలమండ దగ్గర బిగించండి, లేకపోతే కాలిగోళ్ళు నల్లబడతాయి. చారబు దగ్గర టీ కొట్లలో ఏదైనా వేడిగా తిని కదలండి.

ముక్తినాథ్ 108 దివ్యదేశాల్లో ఒకటి కాబట్టి మీ పెద్దవాళ్ళు చేరిన సాయంత్రమే 108 ధారల కింద తడవాలనుకుంటారు. ఆ రోజు వద్దు. పది గంటలు నడిచి, నీరు తగ్గి, ఒళ్ళు చల్లబడ్డ మనిషి మీద మంచు కరిగిన నీళ్ళు పడితే గుండె మీద ఒక్కసారిగా ఒత్తిడి పడుతుంది. బీపీ ఉన్నవారికి మరీను. ఆ రాత్రి గుడి కింది ఊరు రాణీపౌవాలో పడుకుని, మర్నాడు ఎండ బాగా ఎక్కాక వెళ్ళండి. ఊరి నుంచి గుడికి చిన్న ఎక్కుడే. పొడి బట్టలు, తువ్వాలు, ఉన్ని టోపీ పట్టుకుని ఒకరు బయట నిలబడాలి. పెద్దాయన ధారల నీళ్ళు తల మీద చల్లుకుంటే చాలు.

డబ్బు, కాగితాలు: భారతీయులకి వీసా అక్కర్లేదు, పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ అసలుది ఉండాలి. డాలస్ వాళ్ళవి అమెరికా పాస్‌పోర్టులైతే కాఠ్‌మండూలో దిగగానే వీసా, 15 రోజులకి 30 డాలర్లు, 30 రోజులకి 50. ఖాళీ రోజులు కలిపారు కాబట్టి 30 రోజులదే తీసుకోమనండి. అన్నపూర్ణ పర్మిట్ సార్క్ దేశాలవారికి 1,000 నేపాలీ రూపాయలు, మిగతావారికి 3,000. మన 100 రూపాయలు అక్కడి 160. చామె దాటాక నగదే, చిన్న నోట్లుగా.

ఇన్సూరెన్సు పాలసీలో ‘6,000 మీటర్ల దాకా ట్రెక్కింగ్, హెలికాప్టర్ తరలింపు’ అని అక్షరాలా ఉందో లేదో చదవండి. మన దగ్గర అమ్మే మామూలు ట్రావెల్ పాలసీల్లో ఎత్తు పరిమితి చిన్న అక్షరాల్లో ఉంటుంది. హెలికాప్టర్ పిలిచే ముందు కంపెనీ ఎమర్జెన్సీ నంబరుకి చెప్పి అనుమతి తీసుకోవాలి, లేకపోతే బిల్లు మీ మీదే పడుతుంది. ఆ నంబరు, పాలసీ నంబరు, రక్తం గ్రూపు, వేసుకునే మందులు ఒక కాగితం మీద రాసి, 12 మంది కాగితాలూ ఇద్దరు గైడ్ల దగ్గరా ఒక్కో సెట్టు ఉంచండి.